పిడికి ప్రాణం

ఆల్డో కిరాణా కొట్టు తలుపు పక్కన ఉండే పాత జూదపు యంత్రాన్ని, డబ్బు బిళ్ళ వేసి పిడి లాగే స్లాట్ మెషిన్‌ని, సోమవారం పొద్దున తీసుకుపోయారు. ఇద్దరు మనుషులు దాన్ని తోపుడుబండి మీదికి ఒరగబెట్టి, నడుము చుట్టూ పట్టీ బిగించి గుమ్మం దాటిస్తుంటే మద్దలెన్ పాలడబ్బా గుండెకు ఆనించుకుని పక్కకు జరిగింది. గుమ్మం దిగేటప్పుడు యంత్రం లోపల చక్రాలు ఒక్కసారి గలగలమన్నాయి. ఆమె చెయ్యి చాచబోయి ఆగింది. ఇన్నేళ్ళూ అది నిలబడిన చోట నేలపలకలు కొత్తగా, తెల్లగా ఉన్నాయి. మిగిలిన నేలంతా బూట్ల కింద అరిగి, మంచు బురదతో నల్లబడి ఉంది.

మధ్యాహ్నానికి అక్కడ కొత్తది నిలబెట్టారు. అద్దం వెనక మూడు చక్రాలు పాతవాటిలాగే కనిపిస్తున్నాయి. కుడిపక్క పిడి ఉంది. ముందు వెలిగే బటన్ ఒకటి అదనంగా వచ్చింది.

మద్దలెన్ సాయంత్రం దాకా ఆగలేకపోయింది. బిళ్ళ వేసి, ఎప్పటిలాగే కాళ్ళు ఎడంగా పెట్టుకుని, భుజం బలమంతా పెట్టి పిడి లాగింది. అది ఏ అడ్డూ లేకుండా కిందికి వచ్చేసింది. ఆమె ముందుకు తూలి అద్దానికి చెయ్యి ఆనించి నిలదొక్కుకుంది.

“మెల్లగా పెద్దమ్మా! కొత్తది, విరగ్గొట్టేవు,” అన్నాడు ఆల్డో గల్లా దగ్గర్నుంచి.

“విరగడానికి ఇందులో ఏముందిరా? కోసి పడేసిన కోడి మెడలా ఉంది.”

“లాగక్కర్లేదట. ఆ బటన్ నొక్కితే చాలట. చెయ్యి నొప్పి, చెయ్యి నొప్పి అని రోజూ నా ప్రాణం తీస్తావుగా, హాయిగా నొక్కుకో.”

“బటన్ నొక్కడానికి నేనేమన్నా లిఫ్టు ఎక్కుతున్నానా?”

ఇంకో రెండు బిళ్ళలు వేసింది. చక్రాలు తిరిగాయి, ఆగాయి. వాటిని ఎవరో వేరే వాళ్ళు తిప్పుతున్నట్టు చూసింది. పాలడబ్బా తీసుకుని, ఇంకా వెలుతురు ఉండగానే ఇంటికి నడిచింది.

ఆ సాయంత్రం స్లాట్ మెషిన్లు చేసే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆమె తమ్ముడు బెన్యాట్ ఇంటి ముందు ఒక్క క్షణం ఆగిపోయాడు. వంటింటి కిటికీలో దీపం వెలుగుతోంది. వెల్లుల్లి, ఎర్రమిరప వేగుతున్న వాసన వీధిలోకి వస్తోంది. అక్క మొగుడు అర్నో చనిపోయినప్పటి నుంచి ఈ వేళకు అక్క ఆల్డో కొట్టులో పిడి దగ్గరే ఉండేది, ఈ ఇంట్లో దీపం ఉండేది కాదు. తనే తాళం తీసుకుని, తనే దీపం వేసుకుని, నిన్నటి సూపు వేడిచేసుకుని తాగడం అతనికి అలవాటైపోయింది.

“నిలబడ్డావేం? బూట్లు విప్పు. నేల తుడిచాను,” అంది మద్దలెన్ వెనక్కి తిరక్కుండానే.

గొర్రెమాంసం, బీన్స్ కలిపి వండింది. ఒకప్పుడు తమ బాస్క్ జాతి గొర్రెలకాపరుల సత్రంలో బారు బల్ల నిండా కూర్చున్న మగవాళ్ళకు వండిపెట్టిన చెయ్యి అది. ఇప్పటికీ ఇద్దరికి చాలేంత వండటం రాదు. బెన్యాట్ రొట్టె తుంచి రసంలో అద్దుకుంటూ మాట్లాడకుండా తిన్నాడు.

“ఆ కొత్త పీనుగ మీ కంపెనీదేనట కదా,” అంది.

“మాదే.”

“లోపల ఏం పెట్టి కుట్టారు? దూదా?”

“కొత్త రకం అక్కా. స్ప్రింగులు ఉండవు. మోటార్లు ఉంటాయి.”

“నీ పని కాదని పిడి పట్టుకోగానే తెలిసింది.” ఆమె ఎడమ చేత్తో కుడి భుజం నొక్కుకుంది. “పోనీలే. ఇవాళ చెయ్యి కాస్త తేలిగ్గానే ఉంది.”

మర్నాడు హాల్వర్సన్ అతన్ని పిలిపించాడు. తయారీ విభాగానికి పెద్ద అతనే. బెన్యాట్ కంటే చాలా చిన్నవాడు. రోజూ అందరి బల్లల దగ్గరికీ తిరిగి పలకరిస్తాడు కాబట్టి చెడ్డవాడని ఎవరూ అనలేరు. స్ప్రింగులు చుట్టే వాళ్ళ వరసలో ఇప్పుడు మిగిలింది బెన్యాట్ బల్ల ఒక్కటే. మిగతా చోటంతా తెల్లటి దీపాల కింద చిన్న పచ్చ పలకల మీద తీగలు అతికించే ఆడపిల్లలు కూర్చుంటున్నారు.

“బెన్, జనం మన కొత్త మెషిన్‌ని నమ్మటం లేదు,” అన్నాడు హాల్వర్సన్. “పిడి లాగుతారు, తల అడ్డంగా ఊపుతారు, పక్కదానికి పోతారు. అన్ని కొట్ల నుంచీ ఇదే మాట. పిడి తీసేసి బటన్ ఒక్కటే ఉంచుదామంటే అమ్మకాల వాళ్ళు ఒప్పుకోరు. దానికి కాస్త ప్రాణం పొయ్యాలి. నీకు తప్ప ఇంకెవరికీ రాదు.”

“ఎప్పటికి కావాలి?”

“శుక్రవారం.” హాల్వర్సన్ గోడ వైపు చూస్తూ చెప్పాడు. “అది కుదిరితే పింఛను వచ్చేదాకా నీకు ఇక్కడ పని ఉన్నట్టే. ఎక్కడ బిగించినా నువ్వే చూసుకోవాలి కదా. కుదరకపోతే, ఈ బల్ల కూడా డెనీస్ వాళ్ళు అడుగుతున్నారు. దాచి లాభం లేదు, చెప్పేస్తున్నాను.”

డెనీస్ పావ్లిక్ కొత్త యంత్రాన్ని నడిపే చిప్పుకు ప్రోగ్రామ్ రాసిన మనిషి. ఆమెను బల్ల దగ్గరికి పిలిచి బెన్యాట్ కొత్త యంత్రం తలుపు తీశాడు.

“పిడి లాగితే లోపల ఏమేం అవుతుందో వరసగా చెప్పమ్మాయ్.”

“ఇదిగో, ఇక్కడ ఒక స్విచ్చు తగులుతుంది మిస్టర్ ఇరియార్ట్. తగిలిన క్షణంలోనే చిప్పు మూడు అంకెలు తీసేస్తుంది. ఆట అక్కడితో అయిపోయింది.”

“చక్రాలు ఇంకా తిరగనే లేదు కదా?”

“తర్వాత తిరుగుతాయి. ఎక్కడ ఆగాలో మోటార్లకు ముందే తెలుసు.”

“మరి తిరగడం ఎందుకు?”

“చూడటానికి.” ఆమె కాస్త ఆలోచించి మళ్ళీ చెప్పింది. “ఇంకోటుంది. బయట చక్రం మీద ఎక్కువ డబ్బు తెచ్చే పెద్ద బొమ్మ ఒకటే, దాని చుట్టూ ఇన్ని చిన్న బొమ్మలు, అని మనిషి చూసి ఒక అంచనాకు వస్తాడు. చిప్పులో ఉన్న చక్రం దీనికంటే చాలా పెద్దది. అందులో పెద్ద బొమ్మ వాటా చాలా తక్కువ. బయట చూసి వేసుకున్న అంచనా అక్కడ పనికిరాదు.”

“వాళ్ళకి ఇది చెప్పరా?”

“అడిగితే చెప్తాం. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.” డెనీస్ మెడలోని కళ్ళద్దాల తాడు సవరించుకుంది. “మా అమ్మ కూడా ఆడుతుంది. తనకు చెప్పాను. తలూపింది, మళ్ళీ వెళ్ళి ఆడింది.”

ఆమె వెళ్ళాక బెన్యాట్ పిడిని పట్టుకుని కిందికీ పైకీ ఆడించాడు. పాత యంత్రంలో పిడి కిందికి వస్తుంటే స్ప్రింగు సాగుతుంది, కొక్కెం ఒక్కో పన్నూ ఎక్కుతుంది, అడుగుకు రాగానే కొక్కెం వదిలి, సాగిన బలమంతా చక్రాల మీద పడుతుంది. మనిషి పెట్టిన బలమే చక్రాలను తిప్పేది. తన పనంతా ఆ దారిని నున్నగా చెయ్యడమే. ఇప్పుడు దారి లేదు. దారి ఉన్నట్టు చెయ్యాలి.

స్టూలు మీద కూర్చుని, సొరుగు తీసి స్ప్రింగు తీగ ఏరుకోవడం మొదలుపెట్టాడు.

బుధవారం సాయంత్రం కూడా కిటికీలో దీపం ఉంది. తిన్నాక మద్దలెన్ బల్ల తుడిచి పేకముక్కలు తీసింది. ఎండు బీన్స్ గింజలు పందెం. బాస్క్ వాళ్ళ ముస్ ఆటలో జతగాడికి కళ్ళతో, పెదవులతో సైగ చెయ్యడం తప్పు కాదు. ఇద్దరే ఆడేటప్పుడు సైగ చెయ్యడానికి ఎవరూ ఉండరు. అయినా ఆమె పెదవి కొరికి, కన్ను గీటి, లేని జతగాడికి సైగలు చేస్తూనే ఉంది.

“ఎవరికి చేస్తున్నావు ఆ కోతి మొహం?”

“నా ముక్కలు బాగున్నాయని నీకు భయం పుట్టాలని.”

“బాగున్నాయా?”

“ఛస్తే చెప్పను. గింజలు పెట్టు.”

ఆమె గెలిచింది. గింజలు దోసిట్లోకి ఊడ్చుకుని నవ్వింది. లేచి, అలమర పైఅరలో ఉన్న ఇనప దాకను కుడిచేత్తోనే దించి, రేపటి బీన్స్ అందులో నానబోసింది. ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవగా బెన్యాట్ చూసి ఎన్నాళ్ళయిందో. మూడు రోజులు ఆ పాత బరువు పిడి లాగకపోతే ఇంత తేడా.

అప్పుడే అతనికి ఆ ఆలోచన వచ్చింది. పనిలో చేరినప్పటి నుంచి కొట్లవాళ్ళు అతనికి చెప్పుకున్న ఫిర్యాదు ఒకటే. పిడి బరువుగా ఉంది, ఆడవాళ్ళు లాగలేకపోతున్నారు, ముసలివాళ్ళు వదిలేసి పోతున్నారు. ప్రతిసారీ వెళ్ళి నూనె వేసి, స్ప్రింగు మార్చి తేలిక చేసి వచ్చేవాడు. అయితే ఈ పిడిని బరువుగా చేస్తే? వయసులో ఉన్నవాళ్ళు లాగుతారు, హాల్వర్సన్‌కి కావలసింది దొరుకుతుంది. అక్క చెయ్యి మాత్రం దానికి చాలదు. రెండు రోజులు విసుక్కుని ఇంటికి వచ్చేస్తుంది.

గోడకు మాంసం తూచే స్ప్రింగు త్రాసు వేలాడుతోంది. దాన్ని తీసి తలుపు పైనున్న కొక్కేనికి తగిలించాడు.

“అక్కా, ఇలా వచ్చి దీన్ని ఒకసారి లాగు. పిడిని లాగినట్టే.”

“ఎందుకూ, నన్ను తూచి సంతలో అమ్ముతావా?”

“ముసలి గొర్రెను ఎవరు కొంటారు? లాగు, పని ఉంది.”

ఆమె నవ్వుతూనే పట్టుకుని లాగింది. ముల్లు కదిలింది, దిగింది, ఒక చోట ఆగింది. ఆమె పెదవి బిగుసుకుంది. “అమ్మో, ఇంతే. ఇక్కడ పట్టేస్తోంది,” అని వదిలేసి భుజం పట్టుకుంది. బెన్యాట్ ఆ గీత ఎక్కడుందో చూసుకున్నాడు. తర్వాత మందు సీసా తెచ్చి ఆమె భుజానికి తనే రాశాడు.

“ఏంట్రా ఇవాళ ఇంత ప్రేమ?” అందామె కళ్ళు మూసుకుని.

అతను సీసాకు మూత బిగించాడు.

గురువారమంతా చేశాడు. స్ప్రింగును ఆ గీత కంటే కాస్త ఎక్కువ బిగించాడు. పిడి దిగుతున్నంతసేపూ ఆనేలా, గాలి మెల్లగా వదిలే చిన్న గొట్టం ఒకటి అమర్చాడు. సగం దిగాక పళ్ళచక్రం మీద కొక్కెం కట్టకట్టమనేలా చేశాడు. అడుగున ఇనప ముక్క ఒకటి పలక మీద పడి, లోపల ఏదో వదులైనట్టు ధన్‌మనాలి. మొదటిసారి ఆ చప్పుడు డబ్బా మీద కొట్టినట్టు వచ్చింది. పలక కింద తోలు ముక్క వేశాడు. మరీ మెత్తబడింది. తోలును సగానికి కోశాడు. కళ్ళు మూసుకుని, బొటనవేలు చుట్టకుండా, స్ప్రింగులు చుట్టేవాళ్ళ పాత పద్ధతిలో లాగి చూశాడు. లోపల మూడు చక్రాలను తానే తోసినట్టు అనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లోపల పిడికి తగిలేది గోరంత స్విచ్చు ఒక్కటే.

శుక్రవారం పొద్దున హాల్వర్సన్ కోటు విప్పకుండానే వచ్చి లాగాడు. మళ్ళీ లాగాడు.

“కొంచెం బరువు కాదూ?”

“బరువే,” అన్నాడు బెన్యాట్. “తేలిగ్గా ఉంటే మళ్ళీ నమ్మరు.” ఈ మాట నోటికి వచ్చి అనేశాడే గాని, తను ఏమన్నాడో అప్పుడు అతను పట్టించుకోలేదు.

“నిజమే. మీ ఇంటి దగ్గర ఆ కిరాణా కొట్టు ఉంది చూడు, వాడు రోజూ ఫోన్ చేసి తిడుతున్నాడు. ముందు అక్కడ బిగించు. సాయంత్రానికి ఎలా ఉందో చూసి మిగతావాటి సంగతి చెప్తాను.”

పగటిపూటే పెట్టె మోసుకుని కొట్టుకు వెళ్ళాడు. యంత్రం తలుపు తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుని పాత పిడి విప్పి కొత్తది బిగించాడు. సియెర్రా కొండల మీద మంచు పడుతున్నట్టుంది, లోపలికి వచ్చిన ప్రతివాడూ కాళ్ళు దులుపుకుంటున్నాడు. తలుపు మూసి తాళం వేస్తుండగా వెనక నుంచి మద్దలెన్ గొంతు వినిపించింది.

“ఉల్లిపాయలకొచ్చాను. నువ్వేంట్రా ఇక్కడ?”

“పిడి మార్చాను.”

“ఇదిగో పెద్దమ్మా, నీ పోరు పడలేకే,” అన్నాడు ఆల్డో. “ఇప్పుడన్నా దాన్ని కోడి అనకు.”

ఆమె సంచి కింద పెట్టి జేబులో బిళ్ళ వెతుక్కుంది. బెన్యాట్ పక్కకు తప్పుకున్నాడు. ఆమె కాళ్ళు ఎడంగా పెట్టి, పిడి పట్టుకుని లాగింది. సగం దాకా వచ్చింది. కొక్కెం రెండు పళ్ళు ఎక్కిన చప్పుడైంది. అక్కడ ఆగింది. పెదవి బిగుసుకుంది, మొహం తెల్లబడింది. ఆమె పిడి వదిలేసింది. అది మెల్లగా పైకి లేచి తన చోటికి వెళ్ళింది.

బెన్యాట్ బిగపట్టిన ఊపిరి వదిలాడు. “చాలా బరువు అక్కా. నీ చేతికి మంచిది కాదు. పద, ఇంటికి పోదాం.”

ఆమె పిడి వైపే చూస్తోంది. కోటు విప్పి తమ్ముడి చేతికి ఇచ్చింది. స్వెటర్ చేతులు మోచేతుల దాకా లాక్కుంది. కుడిచెయ్యి మీద ఎడమచెయ్యి వేసి, ఒళ్ళంతా దానికి వేలాడదీసి లాగింది. పళ్ళు ఒకటొకటిగా పలికాయి. అడుగున ధన్‌మంది. చక్రాలు తిరిగాయి. ఒకటి ఆగింది, రెండోది ఆగింది, మూడోది ఆగింది. ఏమీ రాలేదు. ఆమె మొహం చెమటతో మెరుస్తోంది.

“ఆఁ,” అంది. “ఇప్పుడు పలికింది.”

బట్టలు ఉతికే కొట్టుకు మూట మోసుకుపోతున్న పొడుగాటి మనిషొకడు గుమ్మంలో ఆగి, “నేనోసారి చూడనా అవ్వా?” అన్నాడు.

“నా ఆట అయ్యాక. వరసలో ఉండు.” ఇంకో బిళ్ళ వేసింది.

“అక్కా.” బెన్యాట్ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాడు. “విను. ఆ పిడి చక్రాలకు తగలదు. వెనక చిన్న స్విచ్చు ఉంది, అంతే. నువ్వు గట్టిగా లాగినా, బటన్ నొక్కినా ఒకటే. చక్రాలు కదలక ముందే ఏం రావాలో లోపల తేలిపోతుంది. నీ బలం ఎక్కడికీ పోవడం లేదు.”

ఆమె పిడి మీద చేతులు తియ్యకుండానే అతని వైపు చూసింది. కోపం లేదు. చిన్నప్పుడు అతను కట్టుకథ చెప్పినప్పుడు చూసినట్టు చూసింది.

“దేనికీ తగలనిదానికి ఇంత బరువెందుకుంటుందిరా?”

“ఆ బరువు నేను పెట్టిందే.”

“అదేగా నేననేది. నువ్వు పెట్టావు. సోమవారం నాడు అది దేనికీ తగల్లేదు, పట్టుకోగానే నాకు తెలిసింది. ఇవాళ తగులుతోంది. అది కూడా తెలుస్తోంది.” ఆమె మళ్ళీ కాళ్ళు సర్దుకుంది. “పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉత్తుత్తి పని నువ్వు చెయ్యగా నేను చూడలేదు. జరుగు, అడ్డం రాకు.”

“లోపల చూపిస్తానుండు,” అని అతను తాళంచెవి తీశాడు.

“బిళ్ళ వేశాక తలుపు తియ్యకురా! నీకేమన్నా మతిపోయిందా?” అని ఆమె అరిచింది. మూట మనిషి, “నిజమే, పాపం తియ్యకయ్యా,” అన్నాడు. ఆల్డో నవ్వాడు. బెన్యాట్ ఒక చేతిలో తాళంచెవి, ఒక చేతిలో అక్క కోటు పట్టుకుని నిలబడ్డాడు. పొద్దున హాల్వర్సన్‌తో తను అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. బరువు మనుషుల్ని తరిమేస్తుందనుకున్నాడు. బలం పెట్టించుకున్నదాన్నే మనుషులు నమ్ముతారని, ఇంతకాలం పిడులు చేసి కూడా, అతనికి తట్టలేదు.

సాయంత్రం హాల్వర్సన్ ఫోన్ చేశాడు. ఆల్డో సంతోషంగా ఉన్నాడట. అన్ని యంత్రాలకూ ఇదే పిడి, ఇదే బరువు. “స్ప్రింగు ఒక్క చుట్టు కూడా మార్చొద్దు బెన్,” అన్నాడు. డెనీస్ కూడా అక్కడే ఉన్నట్టుంది, వెనక నుంచి ఆమె గొంతు అభినందనలు చెప్పింది. బెన్యాట్ ఇద్దరికీ థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాడు. అక్క ఇంకా కొట్టు నుంచి రాలేదు. తనే దీపం వేసి, పొద్దున ఆమె నానబోసిన బీన్స్ నీళ్ళు వంపి, వాటిని ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ నీళ్ళు పోసి పెట్టాడు.

శనివారం ఆమె మధ్యాహ్నమే వెళ్ళింది. ఆదివారం చర్చి నుంచి అటే పోయింది. చీకటి పడుతుండగా వచ్చి, తలకు కట్టుకునే రుమాలును మెడలో వేసి కుడిచెయ్యి అందులో పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. అతను సూపు వేడిచేసి పెట్టాడు. ఎడమచేత్తో చెంచా పట్టుకుని, సగం ఒలకబోసుకుంటూ తాగింది.

“దగ్గర దాకా వచ్చింది తెలుసా? రెండు పెద్ద బొమ్మలు పక్కపక్కనే. మూడోది గీతకు ఇంత పైన ఆగింది.” వేళ్ళతో చూపించింది. “ఇంకాస్త నిదానంగా లాగి ఉండాల్సింది. నాదే తప్పు.”

బెన్యాట్ మందు సీసా తెచ్చాడు. రుమాలు విప్పి, స్వెటర్ భుజం మీది నుంచి కిందికి జార్చి రాయడం మొదలుపెట్టాడు. కీలు దగ్గర చర్మం వేడిగా, ఉబ్బి ఉంది.

“నొప్పిగా ఉందా?”

“ఉండదా మరి. నీ పిడి కదా.” ఆమె గొంతులో గర్వం ఉంది. “అందరికీ చెప్తున్నాను, మా తమ్ముడు చేశాడని.”

అతను రాస్తూనే ఉన్నాడు. ఆమె కళ్ళు మూతలు పడ్డాయి.

ఆమె బిళ్ళ వెయ్యక ముందే, పొద్దున ఆల్డో కొట్టు తెరిచే వేళకు ఆమెను తీసుకువెళ్ళి, యంత్రం తలుపు తీసి, పిడి వెనక ఏముందో ఆమె చేతితోనే తడిమించి చూపించాలి. తాళంచెవి అతని దగ్గరే ఉంది. శుక్రవారం నుంచీ అనుకుంటూనే ఉన్నాడు, ఇంకా చూపించలేదు.